నాలుగో షరతు

పత్తికొండలో ఖాసింబీ టీచర్ అంటే తెలియనివాళ్లు తక్కువ. ఇరవై నాలుగేళ్లుగా హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు నూరిపోస్తున్న మనిషి. ఆమె దగ్గర చదివి పోలీసులైనవాళ్లు, టమాట మండీలో దళారులైనవాళ్లు కూడా ఆమె ఎదురుపడితే ఇప్పటికీ చేతిలోని బీడీ వెనక్కి దాచుకుంటారు. భర్త బద్వేలులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ శనివారాలకు వచ్చిపోతుంటాడు. కూతురు తిరుపతిలో హాస్టలు. ఇంట్లో ఉండేది ఆమే, తండ్రి హుసేనప్పా.

ఆమెకు ఒళ్లు మండించే మాటలు రెండున్నాయి. కొత్తగా వచ్చిన ప్రతి హెడ్మాస్టరూ "ముస్లిములై ఉండీ తెలుగు ఎంత చక్కగా మాట్లాడతారండీ" అని మెచ్చుకుంటాడు. పెళ్లిళ్లలో ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లేమో "అయ్యో, ఉర్దూ రాదా?" అని బుగ్గలు నొక్కుకుంటారు. హెడ్మాస్టర్లకు నవ్వి ఊరుకుంటుంది. ఆడవాళ్లకు మాత్రం "రాదు, ఇప్పుడు నేర్చుకునే తీరికా లేదు" అని అక్కడికక్కడే చెప్పేస్తుంది. వాళ్లది దూదేకుల ఇల్లు. ముత్తాతల కాలం నుంచీ దూది ఏకి పరుపులు కుట్టుకుని బతికినవాళ్లు. ఇంట్లో తెలుగు, నమాజులో అరబ్బీ. ఆ రెంటినీ కలిపే ఉర్దూ మాత్రం ఆ ఇంటి గడప తొక్కలేదు.

హుసేనప్పకు డెబ్భై నాలుగేళ్లు. చిన్నప్పుడు ఎవరో నోటికి నేర్పిన ఖురాన్ సూరాలతో అరవై ఏళ్లుగా అయిదు పూటలా నమాజు చేస్తున్నాడు. వాటిలో ఒక్క మాటకూ అర్థం తెలియదు. శుక్రవారం మసీదులో ఉర్దూలో ప్రసంగం జరుగుతుంటే పక్కవాళ్లు తల ఊపినప్పుడు తనూ ఊపి వస్తాడు. దీని గురించి ఆయన ఎన్నడూ బాధపడినట్టు ఖాసింబీకి కనిపించలేదు. పోయినేడు గుండెనొప్పి వచ్చింది. కర్నూలు ఆస్పత్రిలో రెండు స్టెంట్లు వేసి, మనసుకు ఏ కష్టమూ కలగనీయవద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపించాడు. ఇంటికొచ్చిన నాలుగో రోజున హుసేనప్ప ఒక మాట అడిగాడు.

"మ్మా, మనిషి తౌబా చేసుకుంటాడు గదా. తప్పయిపోయింది, మన్నించు సామీ అని. దేవుడు దాన్ని ఒప్పుకున్నాడో లేదో ఎట్ల తెలుస్తాది?"

"మసీదులో హజ్రత్‌ను అడగకపోయినావా నాయనా?"

"అడిగితే ఉర్దూలో చెప్తాడు. తెలుగులో చెప్పు సామీ అంటే, ఇంతకూ ఏం చేసినావప్పా అని నా మొగం చూస్తాడు." మళ్లీ తనే, "ఇంగ్లీషోళ్లు అన్నీ వాళ్ల భాషలో రాసిపెట్టుకునింటారు. నీకు ఇంగ్లీషు వచ్చె. దాంట్లో చూసి చెప్పరాదా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆ ఆలోచన తనకెందుకు రాలేదా అని ఖాసింబీ తెల్లబోయింది. పిల్లలకు వాక్యాలు విడదీయడమూ, కలపడమూ నేర్పింది గానీ, తన దేవుడి సంగతి ఇంగ్లీషులో చదువుకోవచ్చని ఆమెకు తట్టనే లేదు. అక్కడా ఇక్కడా వెతికి ఒక పుస్తకం తెప్పించింది. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక పండితుడు అరబ్బీలో రాసిన దానికి ఇంగ్లీషు అనువాదం. నీలం అట్ట, ఆరువందల పేజీలు. హుసేనప్ప దాన్ని రెండు చేతులా అందుకుని, తూకం చూసే అలవాటుకొద్దీ కొంచెం పైకెత్తి దించి, "కిలోంబావు ఉండాది" అన్నాడు.

రోజూ బడి నుంచి వచ్చాక, పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ వరకూ పంచలో చదువు సాగేది. ఆమె కుర్చీలో, ఆయన కింద చాప మీద. ఆయన పక్కన ఒక గంపలో దూది. పని మానేసి పదేళ్లయినా చేతులు ఊరుకోవు. గింజ ముక్కలూ ఆకు నలుసులూ ఏరుతూనే వింటాడు. ఆమె ఇంగ్లీషులో ఒక వాక్యం కళ్లతో చదువుకుని తెలుగులో పైకి చెబుతుంది. మొదట్లో ఆమె తెలుగు స్టాఫ్ రూములో సర్క్యులరు చదివినట్టుండేది. ఆయన మొహమాటం లేకుండా "నాకు చెప్పినట్ల చెప్పు, ఆఫీసరుకు చెప్పినట్ల గాదు" అనేవాడు. నమాజులో నిలబడి కూడా సంతలో ఒంటెల బేరం తలచుకునేవాడి గురించి చదివినప్పుడు పగలబడి నవ్వాడు. "ఒంటెలు యాడివి గానీ, నేను పరుపులు కుట్టుకుంటాంటి. ఒక్కో నమాజులో రెండు పరుపులు లేచేవి."

ఒకరోజు, "అరబ్బీ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి మన తెలుగుకు. ఎన్ని చేతులు మారినాదో చూడు. అయినా సరుకు చెడలేదు. అందరూ నమ్మకస్తులే" అన్నాడు. ఆ మాటకు ఖాసింబీకి లోపల కొంచెం గుచ్చుకుంది. కటువుగా ఉన్నచోట్ల ఆమె అప్పటికే ఒకటీ అరా మెత్తబరిచి చెబుతోంది. అర్థం తెలుసుకోకుండా ఆరాధించేవాళ్ల మీద ఆ పండితుడు విసిరిన చురకనైతే పూర్తిగా మింగేసింది. ముసలాయన గుండె కోసమే గదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

మూడో నెలలో తౌబా అధ్యాయం వచ్చింది. పాఠం ముందే చూసుకుని క్లాసుకు వెళ్లడం ఆమెకు అలవాటు. ఆదివారం తలుపు వేసుకుని ఆ పేజీలు చదివింది. తౌబా చెల్లడానికి షరతులున్నాయి. చేసినదానికి మనసారా కుమిలిపోవాలి, ఆ పని మానెయ్యాలి, మళ్లీ చెయ్యనని గట్టిగా అనుకోవాలి. ఇవి మూడు. తప్పు దేవుడికీ మనిషికీ మధ్యదైతే ఇవి చాలు. ఇంకో మనిషి హక్కు అందులో ఉంటే మాత్రం నాలుగోది కూడా కావాలి. తీసుకున్నది తిరిగి ఇచ్చెయ్యాలి, లేదా ఆ మనిషి చేత మన్నింపు పొందాలి. అది జరగందే రాత్రంతా ఏడ్చినా లాభం లేదు.

ఖాసింబీ పుస్తకం మూసేసింది. తండ్రి ఏ తప్పు గురించి అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియదు.

ఆరేళ్ల కిందట తల్లి ఫకీరమ్మ చివరి రోజుల్లో చెప్పిపోయింది. అప్పట్లో వాళ్ల కాపురం ఎమ్మిగనూరులో, నేతగాళ్ల వీధి పక్కన. ఖాసింబీ కడుపులో ఉన్న ఏడాది. పని లేదు, చలికాలం, పండుకోవడానికి ఈతచాప తప్ప ఏమీ లేదు. నేతగాళ్ల ఇంటి గురమ్మ తన కూతురు శివలీల తొలికాన్పుకు వచ్చిందని పది కిలోల కొత్త దూది ఇచ్చి పరుపు కుట్టమంది. హుసేనప్ప అందులో మూడు కిలోలు తీసుకున్నాడు. ఆ లోటు తెలియకుండా ఎవరో పారేసిన పాత పరుపులోని నల్లబడిన దూది నడుమ కూరి, పైనా కిందా కొత్తది పరిచి కుట్టాడు. తీసిన మూడు కిలోలతో భార్యకు చిన్న పరుపు చేశాడు. ఖాసింబీ పుట్టింది దాని మీదే, అయిదేళ్లు వచ్చేవరకూ పండుకున్నదీ దాని మీదే. "మీ నాయన దొంగ గాదు పాపా. జీవితంలో అదొక్కటే. నేను చెప్పినట్ల ఆయనకు తెలియనీయొద్దు" అని తల్లి మాట తీసుకుంది.

సోమవారం సాయంత్రం ఖాసింబీ తౌబా అధ్యాయం చదివింది. మొదటిది చెప్పింది, రెండోది చెప్పింది, మూడోది చెప్పింది. నాలుగోది కళ్ల ముందే ఉంది. హుసేనప్ప దూది ఏరడం ఆపి ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"మూడేనా?"

"మూడే నాయనా."

"సరిగ్గా చూసినావా?"

"చూసినా."

ఆయన కళ్లు మూసుకుని గోడకు చేరగిలబడ్డాడు. అంత పెద్ద ఊపిరి ఆయన ఒంట్లో ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మర్నాడు రెండు జొన్నరొట్టెలు ఊరుమిండి పచ్చడితో తిని మూడోది అడిగాడు. ఎన్నేళ్లుగానో మానేసిన టీ హోటలుకు మళ్లీ పోవడం మొదలుపెట్టాడు. కూతురిగా ఖాసింబీకి కడుపు నిండిపోయింది. పది రోజులు ఆ పుస్తకం రాసిన పండితుడి కన్నా తనే మేలు చేశానని కూడా అనుకుంది. నిజం చెప్పాలంటే, కొంచెం గర్వపడింది కూడా.

పదకొండో రోజు పుల్లన్న వచ్చాడు. ఆయనా వాళ్ల కులంవాడే. ఇప్పుడు సేద్యం. హుసేనప్పకు టీ హోటలు నేస్తం. పంచ అంచున కూర్చుని, తువ్వాలు తీసి మోకాళ్ల మీద పరిచి, ముఖం వెలిగిపోతుండగా అడిగాడు.

"టీచరమ్మా, తౌబాకు మూడే షరతులని పుస్తకంలో ఉండాదంట. మీ నాయన హోటల్లో అందరికీ చెప్పినాడు. నిజమేనా?"

"ఎందుకు పుల్లన్నా?"

"ఏంలేదు. మా తమ్ముని సేను గట్టు పన్నెండేండ్ల కిందట నాలుగు సాళ్లు అవతలకు జరిపినా. వాడు మెతక, నోరెత్తలేదు. అది నన్ను లోపల తొలుస్తానే ఉండాది. గట్టు మల్ల ఎనక్కి జరపాలంటే ఊర్లో పరువు పోతాది. ఈ మూడే అయితే, నేనూ దేవుడూ మాట్లాడుకుంటే సరిపాయె. గట్టు యాడున్నది ఆడే ఉంటాది. అంతేగదా?"

ఖాసింబీకి అర్థమైంది. తను తండ్రి గుండె మీద కప్పిన దుప్పటి పట్టుకుని ఊరు ఊరంతా కప్పుకోవడానికి వస్తోంది. ఎదురుగా తండ్రి దూది ఏరుతున్నాడు. బిడ్డ చదువును చూసుకుని మురిసిపోతూ, చెప్పమ్మా అన్నట్టు తల ఎగరేశాడు. అవునంటే పుల్లన్న తమ్ముడి నాలుగు సాళ్లూ పోయినట్టే. కాదంటే తండ్రికి ఆ నిద్ర ఇక లేదు. డాక్టరు మాట గుర్తొచ్చింది.

"కాదు పుల్లన్నా" అంది చివరికి. "మూడు కాదు, నాలుగు. ఇంకొకరిది తీసుకునింటే తిరిగిచ్చేయాల. లేదా వాళ్లు మన్నించాల. అంతవరకూ చెల్లదు."

పుల్లన్న ముఖం వేలాడేశాడు. "ఇదేందమ్మా, పది దినాల్లో ఒకటి పెరిగె" అని గొణుక్కుంటూ, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. హుసేనప్ప చేతులు గంపలోనే ఆగిపోయి ఉన్నాయి.

"నీకు కనపడలేదా, కనపడినా చదవలేదా?"

"చదవలేదు నాయనా. నేనే తీసేసినా."

"ఎందుకు?"

"అమ్మ చెప్పింది. గురమ్మ దూది సంగతి."

ఎక్కడ ఛాతీ పట్టుకుంటాడోనని ఆమె కుర్చీలోంచి సగం లేచింది. ఆయన గంపను పక్కకు జరిపి, ఒళ్లో పడిన నలుసులు ఒక్కొక్కటే ఏరి కింద వేసి, మెల్లగా అడిగాడు.

"ఎంత తీసినావు?"

"రెండు లైన్లు."

"నేను మూడు కిలోలు తీసినా. నువ్వు రెండు లైన్లు. పైన మంచిది పరిచినాము, ఎవురికీ తెలీకుండా నడుమ చెత్త కూరినాము. నాకైతే ఆకలి ఉండె, చలి ఉండె. నీకేముండె?"

"నువ్వు పోతావని భయముండె నాయనా" అంది ఖాసింబీ. హుసేనప్ప ఆమె వైపు చూడలేదు. "రేపు ఆదోనికి పోయి మూడు కిలోలు మంచి దూది తీసుకురా. మూడే. ఎక్కువిస్తే దానమైతాది, అది మనకొద్దు" అని నమాజుకు లేచాడు.

ఆదివారం ఇద్దరూ ఎమ్మిగనూరుకు బయలుదేరారు. దూది మూట ఆమె ఒళ్లో. గోడకు వేలాడుతున్న దూది ఏకే విల్లును హుసేనప్ప దుప్పట్లో చుట్టి బస్సెక్కించాడు. ఆదోనిలో బస్సు మారేటప్పుడు కండక్టరు దాన్ని ఎగాదిగా చూసి, "ఏమప్పా పెద్దాయనా, వీణనా?" అన్నాడు. "మీటితే మోగేదే" అన్నాడు హుసేనప్ప. ఆ దారి పొడవునా ఆయన మాట్లాడింది అదొక్కటే.

గురమ్మకు ఎనభై అయిదు దాటాయి. చూపు మసక. మగ్గం గుంట పూడ్చేసి కొడుకులు అక్కడే గ్యాసు పొయ్యి పెట్టుకున్నారు. హుసేనప్ప ఆమె ముందు నేల మీద కూర్చుని, దాచకుండా, తగ్గించకుండా చెప్పాడు. ఖాసింబీ పక్కన నిలబడి, ఇప్పుడు ఈ అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, పోనీలేప్పా అంటుంది అనుకుంది. గురమ్మ అలా అనలేదు.

"నలభై ఏడేండ్లా!" అని గట్టిగా అరిచింది. "మా శివలీల బాలెంతగా పండుకోని, అమ్మా, నడుముకు నేల తగులుతాంది అని ఏడ్చింది గదరా. పది కిలోల దూది పోయించినా, నీకే ఒళ్లు కొవ్వెక్కింది, సుఖం మరిగినావు అని తిట్టినా నేను. బాలెంతను తిట్టినా. ఇప్పటికీ అది పుట్టింటికొస్తే ఆ మాట ఎత్తి పొడుస్తాది. నేను దానికి ఏమని చెప్పుకోవాల?"

"అవ్వా, నాయన నాకోసమే..." అని ఖాసింబీ అడ్డం వచ్చింది.

"నువ్వు ఉండు పాపా. మీ నాయన మాట్లాడతాండాడు గదా."

హుసేనప్ప తల వంచుకుని, "తిట్టు గురమ్మక్కా. అది కూడా నాదే" అన్నాడు. గురమ్మ ఇంకాసేపు తిట్టింది. ఊపిరి అందక ఆగింది. నీళ్లు తాగింది. ఆ తర్వాత, "ఉత్తి మాటలతో నాకేం పని. ఆ పరుపు అటక మీద ఉండాది. దించండి" అంది.

నేల తగిలే పరుపని ఎవరూ వాడకా, మళ్లీ ఏకించకా వదిలేసిన పరుపు అది. హుసేనప్ప కుట్లు విప్పాడు. పైన దూది పసుపు తిరిగింది. నడుమ మాత్రం బూడిద రంగు ముద్దలు, ఆయన చేత్తో కూరినవి కూరినట్టే ఉన్నాయి. ఒక్కో ముద్దా తీసి బయట పడేశాడు. విల్లు ఎత్తి నారి మీద కొయ్య వేయబోతే ఖాసింబీ ఆ చెయ్యి పట్టుకుంది. "డాక్టరు వద్దన్నాడు. నేను కొడతా. ఎట్లనో చెప్పు."

ఆమెను చిన్నప్పుడు ఆ విల్లు ముట్టుకోనివ్వలేదు ఆయన. చదువుకోవాల్సిన చేతులని. ఇప్పుడు కొయ్య ఆమెకిచ్చి, "మెల్లగా. నారి దూదిని తాకీ తాకనట్ల ఉండాల. ఆ, అట్ల" అంటూ పక్కన కూర్చున్నాడు. గంటలోపే ఆమె భుజాలు పడిపోయాయి. జుట్టు నిండా, కనుబొమల నిండా దూది. పొద్దు వాలేసరికి పాత మంచి దూదీ కొత్త దూదీ కలిసి పరుపు నిండింది. హుసేనప్ప కుట్లు వేశాడు. ఆ కుట్టు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

గురమ్మ వచ్చి అరచేతులతో పరుపంతా తడిమింది. నడుమ మరీ మరీ నొక్కి చూసింది. తర్వాత మనవడి చేత ఫోను కలిపించుకుని, "శివలీలా, నేనే మే. నీ ఒళ్లు గాదు మే, పరుపే. అవును, తొలికాన్పు పరుపే. తప్పు నాదే, ఊరికే తిట్టినా నిన్ను" అంది. అటు నుంచి ఏమన్నదో గానీ గురమ్మ ఫోను పట్టుకుని చాలాసేపు ఊ కొట్టింది, మధ్యలో ఒకసారి నవ్వింది. ఫోను పెట్టేశాక, "పో హుసేనప్పా. నా తరపున అయిపోయింది" అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని హుసేనప్ప చాలాసేపు బయటి బీళ్లనే చూశాడు. ఆస్పరి దాటాక ఆమె వైపు తిరిగాడు.

"గురమ్మక్క నన్ను వదిలింది. నేను నిన్నింకా వదల్లేదు."

"ఏం చేయమంటావు నాయనా?"

"ఇంకా ఏమేం తీసినావో నాకెట్ల తెలుస్తాది? మొదటి పేజీ నుంచి మల్ల చదువు. నాకు బాధయితాదని ఒక్క పోగు గూడా దాయొద్దు."

ఆ సోమవారమే మొదలుపెట్టారు. తను మెత్తబరిచినవి, మింగేసినవి ఖాసింబీ ఒక్కొక్కటే బయటపెట్టింది. పదకొండు తేలాయి. అర్థం తెలియకుండా నమాజు చేసేవాళ్ల మీది చురక విని హుసేనప్ప రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు, "నిజమే చెప్పినాడు. అయితే ఆ సూరాల అర్థం గూడా నువ్వే చెప్పు" అన్నాడు. దాంతో చదువుకు ఇంకో అరగంట పెరిగింది. పుల్లన్న కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. గట్టు సంగతి అడిగితే, "రెండు సాళ్లు జరిపినా, తక్కిన రెండూ పంట తీసినాక" అంటాడు.

ఆరో నెలలో తౌబా అధ్యాయం మళ్లీ వచ్చింది. ఆమె మొదటిది చెప్పింది, రెండోది, మూడోది చెప్పింది. నాలుగోదాని దగ్గరికి వచ్చి, వరుస మీద వేలు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టుగా రెండు లైన్లూ చదివింది. చదివి భయంభయంగా తండ్రి వైపు చూసింది. హుసేనప్ప దూదిలోంచి ఒక నలుసు తీసి పక్కన పడేశాడు.

"అది అయిపోయింది గదమ్మా" అన్నాడు. "పేజీ తిప్పు."